అక్క వాకింగ్

మొన్న పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌లో నా ముందు ఒక కూతురు తన తండ్రిని నడిపిస్తోంది. ఆయన ఆయాసపడుతూ సిమెంటు బెంచీ మీద కూలబడ్డాడు. "ఇంకొక్క రౌండు నాన్నా, రోజూ ఇట్లనే చేస్తే ఎట్ల?" అంటూ ఆ అమ్మాయి చెయ్యి పట్టి లేపింది. కూర్చోనివ్వమ్మా అందామని నోటిదాకా వచ్చింది. ఆ అమ్మాయి గొంతు అచ్చం నాదే. మూడేళ్ల కిందట మా అక్కను నేనూ అట్లాగే లేపేదాన్ని.

బావ పోయాక అక్క లాలాగూడలో ఒక్కతే ఉండేది. కడుపులో క్యాన్సరని తెలిసిన వారానికే తార్నాకలో మా ఇంటికి తీసుకొచ్చాను. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇది నయమయ్యేది కాదని చెప్పేశాడు. "తినగలిగింది తిననివ్వండి, ఓపికుంటే కాస్త నడిపించండి" అన్నాడు. ఆ 'ఓపికుంటే' మాత్రం నా చెవికెక్కలేదు. నడిపిస్తే మనిషి నిలుస్తుందని పట్టుబట్టాను. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, టైంటేబుల్ లేకపోతే నాకు ఊపిరాడదు. ఫ్రిజ్ మీద కాగితం అంటించాను: ఆరింటికి పళ్లు తోముకోవడం, ఆరుంబావుకు వాకింగ్, ఏడింటికి స్నానం, ఏడున్నరకు రాగిజావ. అక్క కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివి, "ఏడ్సుడు ఎన్ని గంటలకో రాయలేదేందే?" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

మొదట్లో ఆటోలో క్యాంపస్‌కు పోయి చెట్ల కింద చాలా దూరమే నడిచేవాళ్లం. చీర మీద బూట్లంటే అక్కకు సిగ్గు. తర్వాత మొదటి బెంచీ దాకా. వానలు పడేసరికి మా వీధి మలుపు దాకా, ఆ తర్వాత లిఫ్టు దాకా, చివరికి మంచం నుంచి బాల్కనీ దాకా. దూరం తగ్గినకొద్దీ నా పట్టు పెరిగింది. కాళ్లు వాచి బూట్లు పట్టకపోతే రెండు సైజులు పెద్దవి కొనుక్కొచ్చాను. బుద్ధున్నవాళ్లెవరైనా ఆ పని చేస్తారా?

ఒక పొద్దున బూట్లు తొడుగుతుంటే అక్క నా తల మీద చెయ్యి పెట్టింది. "ఇయ్యాల ఒద్దే చెల్లె. నా పక్కన జర పండుకో. అమ్మ ముచ్చట్లు చెప్పుకుందాం."

"ముందు నడువు. ముచ్చట్లు తర్వాత" అన్నాను.

లేచింది. నా భుజం పట్టుకుని పదకొండు అడుగులు వేసింది. బాల్కనీ గ్రిల్లు పట్టుకుని ఆయాసం తీర్చుకుని, "దీంతోని ఫాయిదా లేదని నాకెర్కనే. నువ్వు భయపడ్తున్నవని నడుస్తున్న" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను విననట్టే జావ కలపడానికి వంటింట్లోకి పోయాను. ఆ సాయంత్రమే జ్వరం ముంచుకొస్తే ఆసుపత్రిలో చేర్చాం. మళ్లీ మాట్లాడే స్థితికి రాలేదు. ఐదో రోజున పోయింది.

ఆమెకు మిగిలిన ఉదయాలు కొన్నేనని నాకు ముందునుంచీ తెలుసు. తెలిసే ప్రతి ఉదయమూ లేపి నడిపించాను, పక్కన పడుకోవడానికి ఒక్కటీ ఉంచుకోలేదు.