పసుపు వద్దన్న కోడలు

పందొమ్మిది వందల అరవైల్లో ఒకసారి ఏర్గట్ల నుంచి నిజామాబాదు వస్తుంటే బస్సులో నా ముందు సీట్లో ఒక అత్తా కోడలూ కూర్చున్నారు. కోడలికి రొమ్ము క్యాన్సర్. హైదరాబాదులో రేడియేషన్ ఇచ్చినా గడ్డ తగ్గలేదట. ఇప్పుడు అండాశయాలు తీయించుకోవడానికి వెళ్తోంది.

"రోగం రొమ్ముకైతే కోత కడుపుకా?" అని అత్త బస్సంతా వినేలా అడిగింది.

"ఎన్నిసార్లు చెప్పాలె అత్తా! కడుపుల ఊరే రసమే గడ్డకు బలమిస్తున్నదట. గందుకే కరెంటు పెట్టినా లొంగుతలేదట. ఆ రసం ఆపాలన్నరు డాక్టర్లు."

"గవి తీస్తె ఆడదానివెట్లయితవే?" అంటూ అత్త కొంగుముడి విప్పి అమ్మవారి పసుపు తీసింది. "గిది రాసుకో, తగ్గుతది."

కోడలు ఆ చేయి నెట్టేసింది. "చిన్నప్పటికెళ్లి పసుపు తవ్విన, ఉడకబెట్టిన, ఎండబోసిన. నా ఒళ్లంత పసుపే. గిది ఆపేదుంటె నాకు గడ్డ ఎందుకొచ్చె?"

మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే నాకు నాలుక దురద పెట్టింది. "బాగా అడిగావమ్మా," అని అందుకున్నాను.

"నువ్వాగన్నా. మా అత్తతోని నేను మాట్లాడుతున్న," అని నా నోరు మూయించింది.

నిజామాబాదులో దిగాక అత్త సంచీ పట్టుకుని కదలనంది. "కోస్తె బతుకుతవని డాక్టరు మాటిచ్చిండా?"

"ఇయ్యలే. చేసి సూస్తమన్నడు. మరి నీ అమ్మవారు ఇచ్చిందా?"

సంచీ లాక్కుని కోడలు హైదరాబాదు బస్సెక్కింది. కాసేపటికి గొణుక్కుంటూ అత్త కూడా ఎక్కింది.

ఆ కోడలు బతికిందో లేదో నాకు తెలియదు. సైన్సు అన్నిటినీ నయం చేస్తుందా అని సభల్లో నన్ను నిలదీసేవారికి మాత్రం ఆనాటి నుంచి మాటివ్వడం మానేశాను. మీ దేవుడు ఆ మాట ఇచ్చాడా అని అడుగుతున్నాను.