మేకల మీద వేసిన నింద

తొమ్మిదేళ్ళుగా నా తప్పును మేకలు మోస్తున్నాయి. వాటితో పాటు వాటిని పెంచుకునే నాగమణి కూడా. నవ్వొస్తే నవ్వండి, మొదట్లో నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. కానీ ఇంత చిన్న అబద్ధం ఇన్నేళ్ళు ఎందుకు ఇంత బరువుగా ఉండిపోయింది? ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను గుడివాడలో సైన్సు టీచరును. బందరులో ఉండే మా బోటనీ మాస్టారు రిటైరయ్యాక తన పాత కెమెరా, చిన్నవాటిని దగ్గరగా చూపించే మాక్రో లెన్సు నా చేతిలో పెట్టారు. ఆదివారాలు వెంట తిప్పుకుని నాకు చూడటం నేర్పారు. అవును, చూడటమే. అంతకుముందు నాకు గడ్డి అంటే గడ్డే. ఆయన రుణం తీర్చుకోలేను, ఈ మాట ముందే చెప్పుకోవాలి.

కోడూరు దాటాక సముద్రం వైపు, సరుగుడు తోట వెనక చెమ్మ ఇసుకలో సన్‌డ్యూ మొక్కలున్నాయని మాకు చూపించింది నాగమణే. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. రూపాయి బిళ్ళంత ఎర్రటి మొక్క, నేలకు అతుక్కుని ఉంటుంది. ఆకుల నిండా సన్నటి నూగు, ఒక్కో నూగు కొసన జిగురు బొట్టు. దోమ వాలిందంటే ఇక లేవదు, మొక్క దాన్ని మెల్లగా తినేస్తుంది. "జిగురు మొక్కలండి, కాలు పెట్టమాకండి" అంటూ నాగమణి మమ్మల్ని పక్కనుంచి నడిపించింది.

మరుసటి వారం ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక మొక్కకు దోమ చిక్కి ఉంది. ఎటునుంచి తీసినా వెనక మిగతా మొక్కలు ఎర్రటి మరకల్లా పడుతున్నాయి. ఒకటి పీకాను. ఇంకొకటి. ఫోటోలు తీసేవాళ్ళకు ఈ జబ్బుంది, ఫ్రేములో అడ్డొచ్చిందల్లా చెత్తలా కనిపిస్తుంది. చివరికి దోమ ఉన్న మొక్కనే మట్టితో సహా ఎత్తి, టిఫిన్ బాక్సు మూత మీద పెట్టి వెలుగుకు తిప్పుకున్నాను. ఫోటో అద్భుతంగా వచ్చింది. కెమెరా దించి చూస్తే ఇసుకలో ఒక్క మొక్కా లేదు.

ఫోటో చూసి మాస్టారు పొంగిపోయారు, వెంటనే నన్ను బయలుదేరదీశారు. ఖాళీ ఇసుక ముందు ఆయన మొహం వాడిపోయింది. "మేకలు మేసి ఉంటాయండి" అన్నాను. నోరులేని జీవాలు, ఎదురు చెప్పవు కదా. మాస్టారు పక్కనే ఉన్న నాగమణిని తిట్టలేదు. "కాస్త కట్టేసుకోవాలమ్మా" అన్నారు. ఆమె నా వైపు ఒకసారి చూసి, "అట్టాగేనండి" అంది.

ఆనాటి నుంచి కట్టేసే ఉంచింది. ఆ మేకలు పోయి వాటి పిల్లలొచ్చాయి, వాటికీ రోజూ గడ్డి కోసి తెచ్చి వేస్తోంది. మరుసటి చలికాలం, రాలిన గింజల నుంచి కాబోలు, మొక్కలు మళ్ళీ వచ్చాయి. "చూశావా, మేకల్ని కట్టేశాకే వచ్చాయి" అని మాస్టారు సంబరపడ్డారు. నా అబద్ధానికి సాక్ష్యం కూడా దొరికింది. ఇక ఎలా చెప్పను? ఆయన కళ్ళలో చిన్నదాన్నైపోతానన్న భయం తప్ప నాకు అడ్డేముంది? ఆ ఫోటో ఆయన ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళందరికీ మా శిష్యురాలు తీసిందని చూపిస్తారు. నాగమణి మాత్రం నేను వెళ్ళినప్పుడల్లా ఏ మొక్కకు పురుగు చిక్కిందో పిలిచి మరీ చూపించింది.

పోయిన నెల పామర్రు మీదుగా బస్సులో నాగమణి దగ్గరకు వెళ్ళాను. గడ్డి కోస్తోంది. చెప్పేశాను.

"తెలుసండి. మీరు పీకుతుంటే సరుగుళ్ళలోంచి సూశాను."

"మరి ఆరోజే మాస్టారితో అనలేదేం?"

"నేను సెప్తే నమ్మేవోరా అండి?"

కోపంగా అనలేదు. క్షమించమని అడగబోయి ఆగిపోయాను. అడిగితే ఆమె "పోనీలెండి" అనక తప్పదు, అదీ ఆమె దగ్గర లాక్కున్నట్టే. ఇంకో కొడవలి తీసుకుని పక్కన కూర్చున్నాను. వద్దనలేదు. నా జీవితంలో ఇద్దరు మనుషులు నాకు ఇంత మంచి చేశారు, ఇద్దరికీ నేను చేసింది ఇదీ.

ఈ ఆదివారం బందరు వెళ్ళి మాస్టారికి చెప్పాలి. ఏమంటారో, గోడ మీది ఫోటో తీసేస్తారో తెలియదు. నాగమణి పేరు మీది మచ్చ పోతే చాలు. నోరు తిరగడానికి ముందుగా ఇక్కడ, మీ ముందు అనుకుని చూస్తున్నాను: మేకలు కాదండి, నేనే పీకాను.