మన గోలు దగ్గర కార్నర్‌కి అందరూ కూచోవాలి

హాకీ కూచుని చూసే ఆట కాదని నా వాదన. కూచుని చూడ్డానికి సినిమా ఉంది, పెళ్లి ఉంది, బ్యాంకులో టోకెన్ చేత్తో పట్టుకుని ఎదురుచూసే అంకెల పలక ఉంది. బంతి ఆ చివర్నుంచి ఈ చివరికి కన్ను మూసి తెరిచేలోగా వచ్చిపడుతుంటే మనిషన్నవాడు కుదురుగా ఎలా కూచుంటాడు?

మా అమ్మాయి కాలేజీ హాకీ జట్టులో గోల్‌కీపర్. నేను ఫారం టూ, అంటే ఎనిమిదో క్లాసు, మధ్యలోనే బడికి ఒక దండం పెట్టి, ఈ మలేసియాలోనే బంటింగ్‌లో మోటార్‌బైకులు బాగుచేసే షెడ్డులో చేరినవాణ్ణి. కాలేజీ గేటు లోపలికి నేను మొదటిసారి అడుగుపెట్టింది ఆ పిల్ల సంచి మోసుకుంటూనే. గోల్‌కీపర్ సంచి అంటే పెట్టె బేడా సర్దుకుని వెళ్లే సంసారం లాంటిది. కాళ్లకు కట్టే మందపాటి ప్యాడ్లు, ఛాతీకి కవచం, హెల్మెట్, చేతులకు దిండ్లలాంటి తొడుగులు. ఎక్కడికి పోతున్నావని గార్డు అడిగితే, "చదువు మోయలేకపోయాను, చదువుకునేదాని సంచి మోస్తున్నాను" అన్నాను. అతనికి ఏమర్థమైందో గాని గేటు తీశాడు.

ఆ మైదానంలో జనం కూచోడానికి ఒక పక్కనే సిమెంటు మెట్లున్నాయి. కింది మెట్ల మీద కుర్రకారు. ఖాళీ అయిన మంచినీళ్ల క్యాను బోర్లించి దరువేస్తూ, మొదటి విజిల్ నుంచి చివరి హారన్ దాకా నిలబడే ఉంటారు. వాళ్ల వెనక నేను, నేనూ నిలబడే. నా వెనక ఒక తమిళావిడ, వాళ్లమ్మాయి మా జట్టులో ఫార్వర్డ్. ఆవిడ చేతిలో కొక్కెంలా వంపు తిరిగిన పిడి ఉన్న గొడుగు. నేను లేచిన ప్రతిసారీ ఆ గొడుగు కొస నా నడుంలో దిగేది.

"ఉక్కారుంగ అన్నే," అనేది. కూచోండన్నా, అని.

"మీ అమ్మాయి గోల్ కొట్టేదాకా కూచోమంటే నేనిక్కడే ముసలాణ్ణయిపోతానక్కా," అనేవాణ్ణి.

"ఇప్పుడు మాత్రం కుర్రాడివా?" అని ఇంకో పోటు.

సీజనంతా ఇదే వరస. నాకు ఆ గొడుగు పోటు అలవాటైపోయి, ఆవిడ రాని రోజున నడుం వెలితిగా ఉండేది.

సెమీఫైనల్‌కి మా అమ్మ వచ్చింది. బటాంగ్ బెర్జుంటై వైపు రబ్బరు తోటల్లో చెట్టుచెట్టుకీ తిరిగి పాలు గీసిన మనిషి. ఆ మోకాళ్లు ఇప్పుడు ఆమె మాట వినవు. కాసేపు నిలబడితే చాలు, గోడ వెతుక్కుంటుంది. చక్రాల కుర్చీ తెస్తానంటే, "నానేటి, సామానా?" అంది. మనవరాలు ఈ ఏడాదితో కాలేజీ వదిలేసి ఉద్యోగంలో చేరిపోతుంది, ఆ తర్వాత హాకీ లేదు. అమ్మ దాని ఆట ఒక్కసారి కూడా చూడలేదు. అందుకని వచ్చింది.

అన్ని మెట్ల కన్నా కిందిదాని ముందు జట్టు కూచునే రేకుల షెడ్డు అడ్డం. గోలు వెనక్కి ఎవర్నీ పోనివ్వరు, బంతులొచ్చి తగుల్తాయని. కాబట్టి మధ్య మెట్టు మీద, నా పక్కన కూచోబెట్టాను. కుర్రాళ్లు నిలబడ్డారు. ఆట అయిపోయింది. గెలిచాం. కారు దగ్గరికి నడిపిస్తూ, "ఎలాగుందే అమ్మా?" అన్నాను.

"బాగుంది నాయినా. ఎవుడిదో పంట్లాం సూసినాను. ఎనక కుట్టు ఊడిపోయుంది, ఆలమ్మకి సెప్పాల."

"గుంటని సూళ్లేదా?"

"ఏ గుంట? ఉన్నాదేటి ఆడ?"

నవ్వేశాను. అమ్మ నవ్వలేదు. కార్లో కూచున్నాక కిటికీ వైపు తిరిగి, "ఫైనలుకీ ఒస్తాను. నాను కూకునే సూస్తాను. నిలబడ్డం నా వొంతు అయిపోనాది," అంది. అమ్మ గొంతులో ఆ మాట పడ్డ తీరు నాకు తెలుసు. అలా అన్నాక ఆమె మారదు, ఎదుటివాళ్లే మారాలి. ఫైనల్లో అమ్మ మనవరాల్ని చూసి తీరాలి. అది నేను పట్టిన పట్టు.

ఇక్కడే అసలు తిప్పలు. సీజనంతా నిలబడేవాళ్ల పక్షాన వాదించిన పెద్దమనిషి ఇప్పుడు వెళ్లి, బాబూ కూచోండి అనాలి. ఫైనల్‌కి ముందు మా అమ్మాయి ప్రాక్టీసుకి వెళ్తే నేనూ వెనకే వెళ్లి క్యాను దరువు కుర్రాణ్ణి పట్టుకున్నాను. మలాయ్ పిల్లాడు, గుంపుకి వాడే నాయకుడు. విషయం చెప్పాను.

"పాచిక్," అన్నాడు మర్యాదగానే. పాచిక్ అంటే బాబాయిలాంటి పిలుపు. "కూచుంటే గొంతు రాదు. ఇన్నాళ్లూ ఆ మాట మాకు చెప్పింది మీరే కదా?"

చెప్పింది నేనే. నా మాట తిరిగొచ్చి నా మొహానే తగిలింది. గొడుగావిడ ఆ పక్కనే కూతురి కోసం ఎదురుచూస్తూ అంతా విన్నది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఎటో చూస్తూ నవ్వుకుంటోంది.

"మా తోటలో రామభజన మందిరం ఉండేది," అన్నాను వాడితో. "అక్కడ మా వాళ్లు గంటలకొద్దీ కూచునే పాడేవారు. చిడతలు, డోలు, అన్నీ కూచునే. ఆ పాట పక్క తోటకి వినపడేది. హారతి వెలిగించినప్పుడు మాత్రం అందరూ లేచేవారు. అలాగే మనం కూచుని అరుద్దాం. హారతికి లేద్దాం."

వాడు ఆలోచించాడు. "మనకి హారతి ఎప్పుడు?"

"పెనాల్టీ కార్నర్ పడ్డప్పుడు."

హాకీ తెలియనివాళ్ల కోసం: గోలు ముందర కాపాడేవాళ్లు తప్పు చేస్తే అవతలి జట్టుకి ఆ అవకాశం వస్తుంది. గోలు గీత దగ్గర్నుంచి ఒకరు బంతి బయటికి తోస్తారు, దాన్ని ఆపి ఇంకొకరు బలంకొద్దీ గోలులోకి కొడతారు. హాకీలో అంతకంటే గుండె ఆగే క్షణం లేదు. కుర్రాడికి బేరం నచ్చింది. చెయ్యి కలిపాడు. నేను విజయంతో ఇంటికొచ్చి అమ్మకి హారతి సంగతంతా చెప్పాను.

అమ్మ చారులోకి చింతపండు పిసుకుతూ విన్నది. "కార్నరంటే మన గుంట బంతి ఆపీదేనా?"

"మనకి ఎదురు పడితే, అదే."

"అది ఆపీటప్పుడు మీరందరూ లెగిసిపోతారు?"

"ఊఁ."

"మరి నాకు మల్లీ పంట్లామేనేటి?"

గోల్‌కీపర్ తల్లి కోసం... కాదు, గోల్‌కీపర్ మామ్మ కోసం బేరమాడి, గోల్‌కీపర్ పని పడే ఒక్క క్షణాన్నీ నిలబడే కుర్రాళ్లకి ఇచ్చేసొచ్చాను. ఇంత తెలివి నాకు బళ్లో ఉండగా వచ్చుంటే టీచర్లే బడి మానేసేవారు.

మా అమ్మాయి అప్పుడే స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటోంది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడ్డం కొంచెమే, అదీ చివర ఇక్కడి మలాయ్ వాళ్ల 'లా' ఒకటి తగిలించి. "అప్పా, నాకు కార్నర్‌లో సైలెన్స్ కావాలి లా. నేను అరిచేది నా డిఫెండర్స్‌కి వినాలి. వాళ్లు నిలబడి డ్రమ్ కొడితే ఏటీ వినపడ్డం లేదు."

అదే పట్టుకున్నాను. ఫైనల్ రోజు పొద్దున్నే వెళ్లి బేరం మార్చాను. మనం కొట్టే కార్నర్‌కి లేచి ఎంతైనా అరవండి. మన గోలు దగ్గర కార్నర్ పడితే మాత్రం అందరూ కూచోవాలి, దరువు ఆపాలి, గోల్‌కీపర్ గొంతు వినపడాలి.

"సగం హారతా పాచిక్?" అన్నాడు వాడు.

"సగమే. మిగతా సగం కూచునే హారతి. మీ గోల్‌కీపర్ అడిగింది."

గోల్‌కీపర్ పేరెత్తాక వాడు మళ్లీ చెయ్యి కలిపాడు. గొడుగావిడ దగ్గరికీ వెళ్లాను. "అక్కా, ఇవాళ మీరు పై మెట్లవాళ్లని చూసుకోవాలి. ఎవరు లేచినా పొడవండి."

"నువ్వు లేస్తే?"

"నన్నూ పొడవండి."

"ఇదొక్కటి రాసివ్వాల్సింది నువ్వు," అంది. అమ్మని మాత్రం చెయ్యి పట్టుకుని తన పక్కన కూచోబెట్టుకుంది, అడుగున తన శాలువా మడతపెట్టి వేసి. నేను వాళ్ల కిందిమెట్టు మీద, సరిగ్గా అమ్మ ముందు.

ఆట బాగా సాగింది. కుర్రాళ్లు కూచునే దరువేశారు. మందిరంలో లాగే గొంతు తగ్గలేదు. మాకు కొట్టడానికి ఒక కార్నర్ వచ్చింది, అందరం లేచాం, గొడుగావిడ కూతురే గోల్ కొట్టింది. ఆవిడ గొడుగు ఎగరేసి నా నెత్తిన పడేసింది. ఆ తర్వాత ఎవరూ గోల్ చెయ్యలేదు. చివర్లో హారన్ మోగబోతుందనగా మా వాళ్లు తప్పుచేశారు. మా గోలు దగ్గర కార్నర్.

కుర్రాడు చెయ్యి పైకెత్తి దించాడు. అన్ని మెట్లూ కూచున్నాయి, దరువు ఆగిపోయింది. మైదానంలోంచి మా అమ్మాయి గొంతొక్కటే వినిపించింది, లెఫ్ట్, లెఫ్ట్ అని. అమ్మ ఎదుట గోలు దాకా ఒక్క తల అడ్డం లేదు. నేను సాధించింది చూసుకుందామని వెనక్కి తిరిగాను.

అమ్మ రెండు చేతులూ జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

బంతి ప్యాడ్‌కి తగిలిన చప్పుడు. మెట్లన్నీ ఒక్క అరుపు అరిచాయి.

"ఏటైనాది?" అంది కళ్లు తెరిచి.

"కళ్లు మూసుకున్నావేటే అమ్మా?"

"నువ్వే కదేటి హారతన్నావు."

ఆమె జీవితమంతా హారతికి అలాగే దండం పెట్టింది మరి, ఇప్పుడు కొత్తగా ఎందుకు మారుతుంది? ఈలోగా హారన్ మోగింది. కుర్రాళ్లు లేచి గంతులేస్తున్నారు. కానీ అంపైరమ్మ చెయ్యి గోలు వైపు చాపే ఉంది. బంతి మా అమ్మాయి ప్యాడ్ మీంచి ఎగిరిపోయి మా డిఫెండర్ కాలికి తగిలిందట; గోల్‌కీపర్‌కి తప్ప ఎవరి కాలికి తగిలినా తప్పే. మళ్లీ కార్నర్. టైమైపోయినా కార్నర్ పూర్తయ్యేదాకా ఆట ముగియదు.

ఇంకో అవకాశం. జీవితంలో ఇలా ఎప్పుడోగాని దొరకదు. నేను లేచి, మైదానానికి వీపు పెట్టి, రెండు చేతులూ కిందికి ఊపుతూ, "దుదుక్ లా, దుదుక్, కూచోండి, ఉక్కారుంగ," అని వచ్చిన భాషలన్నింటిలోనూ అరిచాను. ముందు కుర్రాడు కూచున్నాడు. వాడి గుంపు కూచుంది. పై మెట్లలో గొడుగు తిరిగింది, వాళ్లూ కూచున్నారు. "అమ్మా, కళ్లు తెరుసుకో. దండం తరవాత పెడుదువు గాని," అన్నాను.

"తెరిసే ఉన్నాను. నువ్వు అడ్డు లెగు."

మెట్ల మీద నిలబడి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కుర్రాళ్లంతా ఒకే గొంతుతో, "పాచిక్, దుదుక్ లా," అన్నారు. గొడుగు పిడి నా కాలరుకి తగులుకుని లాగింది. ఉన్నచోటే కూలబడ్డాను, మైదానానికి వీపు పెట్టి. తిరగబోతే అమ్మ అరచెయ్యి నా నెత్తి మీద పడి కిందికి అణిచింది. రబ్బరు చెట్లు గీసిన చెయ్యి, దాని కింద తల కదపడం అయ్యేపని కాదు. నాకు కనిపిస్తున్నవల్లా అమ్మ పాదాలు, ఆమె రబ్బరు చెప్పులు.

మా అమ్మాయి కేక వినిపించింది. కర్ర తగిలిన శబ్దం. అదే క్షణంలో అమ్మ కుడికాలు, సాయం లేందే మూడు మెట్లు ఎక్కలేని కాలు, పక్కకి విసురుగా తన్నింది. చెప్పు ఎగిరి నా చెవి పక్కనుంచి కింది మెట్ల మీదికి పోయింది. వెనకాల ప్యాడ్‌కి బంతి తగిలిన చప్పుడు, ఇందాకటి కంటే గట్టిగా. ఆపైన అంపైరు విజిల్.

నా తల మీది చెయ్యి అప్పుడు లేచింది. తిరిగి చూస్తే ఆట అయిపోయింది, మా అమ్మాయి హెల్మెట్ తీసి మెట్ల వైపు వెతుకుతోంది. దరువు కుర్రాడు అమ్మ చెప్పు రెండు చేతులతో పట్టుకుని పైకొచ్చాడు.

"ఎలాగాపినాదే?" అన్నాను.

"కాల్తో," అంది అమ్మ, చెప్పులో పాదం పెడుతూ. "కుడి కాల్తో. నువ్వు సూళ్లేదేటి?"