క్రిస్మస్ స్టార్ తీగకి తేనెపిట్ట గూడు

మా ఇంట్లో బూజు ఉండదు. గొప్పకి చెప్పడం లేదు, నల్లపాడులో మా వీధిలో ఎవర్నడిగినా ఇదే చెప్తారు. శనివారం పొద్దున కాఫీ తాగి బూజు కర్ర పట్టుకున్నానంటే వరండా నుంచి వంటింటి దాకా మూలమూలా దులిపాక గానీ కింద పెట్టను. ఆ తర్వాతే మిషను ముందు కూర్చుంటాను. పెళ్లైన కొత్తలో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. వెలుతురు బాగుంటుందని అప్పట్నుంచీ మిషను వరండాలోనే.

నా ఇల్లు శుభ్రంగా ఉంటుంది కాబట్టి పక్కవాళ్ల ఇంటి గురించి మాట్లాడే హక్కు నాకుందని నా నమ్మకం. మా చర్చి స్త్రీల సమాజం వాళ్లం ఈస్టరుకి ముందు నిష్ఠగా ఉండే లెంట్ రోజుల్లో వారానికొక ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటాం. కిందటేడు ఎదురింటి టీచరమ్మ వంతు వచ్చింది. నాకంటే చిన్నది, ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే రైలెక్కి సత్తెనపల్లిలో బడికి వెళ్లి సాయంత్రం రైలుకి తిరిగొస్తుంది. ఆమె వరండా కప్పు నిండా బూజే. ప్రార్థన అయిపోయి టీ కప్పులు అందుకుంటుంటే, "కళ్లు మూసుకున్నంతసేపూ బాగానే ఉందమ్మా, తెరిస్తేనే బూజు కనపడుతోంది" అన్నాను. అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. తర్వాత మాత్రం నా దగ్గర జాకెట్లు కుట్టించడం మానేసి గుంటూరులో ఎవరికో ఇస్తోందని తెలిసింది. నాకు ఒళ్లు మండింది. బూజు ఉంది కాబట్టి అన్నాను, లేనిది కల్పించలేదుగా.

ఈ ఏడు కూడిక వంతు మాది. కొత్త కర్టెన్లు కుట్టి పెట్టుకున్నాను, వరండాకి ఆనించి షామియానా వేయించాలనుకున్నాను. ఒక్క స్టార్ దగ్గరే నా పరువు పోయేలా ఉంది. క్రిస్మస్‌కి వరండాలో కట్టిన కాగితం స్టార్ కొత్త సంవత్సరం వెళ్లగానే దించేయాలి. దించనివాళ్లని చర్చి మెట్ల మీద నిలబెట్టి అడిగేదాన్ని నేనే. మా ఆయనది రైల్వేలో పని. ప్రతి ఆదివారం "నిచ్చెన దొరకలేదే, వచ్చేవారం తీస్తా" అంటూ జనవరి అంతా గడిపేశారు.

ఒక శనివారం ఆ స్టార్ తీగ మీద సన్నటి బూజు పోగు కనిపించింది. దులిపేశాను. మర్నాడు మళ్లీ ఉంది. మళ్లీ దులిపాను. నా వరండాలో సాలీడు ధైర్యం చేసిందా అని మండిపడి, దాని సంగతి తేల్చుకుందామని మిషను దగ్గరే కాపు కాశాను. వచ్చింది సాలీడు కాదు, తేనెపిట్ట. బొటనవేలంత ఉంది, పొట్ట పసుపు. ముక్కుకి బూజు చుట్టుకుని వచ్చి, తీగ చుట్టూ గిరగిరా తిరిగి దాన్ని చుట్టి, మళ్లీ గేటు మీదుగా ఎగిరిపోయింది.

"నీ కర్రకి సరిజోడు దొరికింది" అన్నారు మా ఆయన.

కర్ర తీసుకెళ్లి లోపల పెట్టేశాను. ఎందుకో చెప్తాను. ఎవరైనా చేతిపని చేస్తుంటే మధ్యలో చెయ్యి పట్టుకుని ఆపడం నాకు నచ్చదు.

ఆ పిట్ట పని నేను కుట్టుపనిదాని కళ్లతోనే చూశాను. ముందు బూజుతో తాడులా పేనింది. దానికి ఎండుటాకులు, బెరడు పీచు, ఎక్కడిదో ఎండుమిరప తొక్క, ఏది దొరికితే అది అతికించింది. జిగురంతా బూజే. కొన్నాళ్లు అది చెత్త మూటలాగే వేలాడింది, ఇదేం గూడని నాకు నవ్వొచ్చింది. తర్వాత పక్కనుంచి కన్నం చేసి లోపల దూరి, ఒంటితో అటూ ఇటూ నెట్టి గూటి పొట్ట ఉబ్బించింది. కన్నం పైన వాన పడకుండా చిన్న చూరు కూడా తీసింది. అన్నిటికన్నా చివర లైనింగ్. మిల్లుకి వెళ్లే పత్తి లారీల నుంచి ఊడి తుమ్మకంపకి చిక్కుకున్న దూదిని తెచ్చి లోపల పరిచింది. ముడతలేని లైనింగ్ వేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. మగపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని మెడ మెరిపించుకుంటూ కూయడమే తప్ప ఒక్క పోగు తెచ్చిన పాపాన పోలేదు. మా ఆయనకి చూపించాను.

"కాపలా కాయడం పని కాదా?" అన్నారు.

పిల్లలొచ్చాక మాత్రం మగది కూడా పురుగులు మోసింది, ఆ మాట ఒప్పుకోవాలి. కన్నంలోంచి రెండు ముక్కులు తెరుచుకునేవి. చిక్కల్లా, సరిగ్గా ఆ వారమే మా ఇంట్లో కూడిక. షామియానా కర్రలు, మైకు, వరండా నిండా ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. నేను ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు కూడా కొత్తవాళ్లెవరైనా గేటు తీస్తే తల్లిపిట్ట దగ్గరికి వచ్చేది కాదు, దూరంగా తీగ మీద అరుస్తూ ఉండేది. సాయంత్రమంతా అలా అయితే ఆ పసివి ఆకలికి చచ్చిపోతాయి. తీగతో సహా విప్పి జామచెట్టుకి కడతానన్నారు మా ఆయన. తల్లి వెతుక్కుంటూ వస్తుందన్న నమ్మకం నాకు లేదు. వద్దన్నాను. కూడిక మానేద్దామంటే పాస్టరు గారికి చెప్పేశాం. మా వీధిలో అంతమంది పట్టే వరండా ఇంకొకటి టీచరమ్మదే.

ఆ సాయంత్రం ఆమె రైలు దిగి వచ్చి గేటు తీస్తుండగా వెళ్లాను. డొంకతిరుగుడుగా చెప్పడం నాకు రాదు.

"ఏమ్మా, ఈ వారం కూడిక మీ ఇంట్లో పెట్టుకోవాలి. మా వరండాలో పిట్ట పిల్లల్ని పెట్టింది" అన్నాను.

ఆమె సగం తెరిచిన గేటు మళ్లీ మూసింది. "మా ఇంట్లో బూజుంటుంది కదక్కా" అంది.

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. కానీ వెనక్కి తిరగలేదు. "ఉంటే ఉండనీ. వచ్చి చూడు" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. గేటు దగ్గరే నిలబడి చూసింది. తల్లిపిట్ట వచ్చి పిల్లల నోళ్లలో ఏదో పెట్టి పోయింది. టీచరమ్మ ముఖం విప్పారింది.

"ఇదా! ఇది రోజూ మా వరండాలోకి వచ్చేదక్కా. మీరు ఆ మాటన్నాక నేనూ బూజు కర్ర కొన్నాను. ఈమధ్య మళ్లీ దులుపుదామని చూస్తే ఈ పిట్ట పోగులు పోగులుగా లాక్కెళ్తోంది. సరే, దాని పని అయ్యాక దులుపుదామని ఆగాను" అంది. మళ్లీ గూడు వంక చూసి, "మీ ఇంట్లో దానికి బూజు ఎక్కడ దొరుకుతుంది?" అంది.

తల తిప్పి ఎదురింటి వరండా కప్పు వంక చూశాను. నా వరండాలో రోజూ చూసి మురిసిపోతున్న ఆ గూడు మొత్తం, నేను పదిమందిలో ఎగతాళి చేసిన ఆ బూజుతోనే కట్టింది.

కూడిక టీచరమ్మ ఇంట్లోనే జరిగింది. ప్రార్థన అయ్యాక మా సమాజంలో పెద్దావిడ తల ఎత్తి కప్పు చూసి, తర్వాత నా వైపు చూసింది. ఇంకో ఇద్దరు కూడా చూశారు. నా నోట్లోంచి ఏం వస్తుందా అని ఎదురుచూస్తున్నారని నాకు అర్థమైంది. టీచరమ్మ టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ బూజుని ఎవరూ ముట్టుకోకండి. ఎదురింట్లో దాంతో ఇల్లు కట్టుకున్నవాళ్లున్నారు. ఏదైనా చినిగితే మళ్లీ కావాలి" అన్నాను. నవ్వులాటకి అన్నానేమో అని చూశారు. నేను నవ్వలేదు. కూడిక అవ్వగానే అందర్నీ మా గేటు దగ్గరికి పిలిచి, నోరెత్తకుండా ఒక్కొక్కరికీ చూపించాను. స్టార్ ఇంకా దించలేదేమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందే పిల్లలు ఎగిరిపోయాయి. రెండూ బతికాయి. ఈస్టరు అయ్యాక మా ఆయనకి నిచ్చెన దొరికింది, తీగ ఉంచి స్టార్‌నీ ఖాళీ గూడునీ దించారు. శనివారం బూజు దులపడం నేను మానలేదు, కాకపోతే వరండాలో గేటు వైపు మూలకి కర్ర పోనివ్వను. ఎందుకని అడిగితే, అక్కడికి చెయ్యి అందదని చెప్తాను.

మొన్న టీచరమ్మ జాకెట్టు ముక్క పట్టుకుని వచ్చింది. కొలతలు తీసుకుంటుంటే ఖాళీగా వేలాడుతున్న తీగని చూసి, "ఆ పిట్టంత బాగా లైనింగ్ వేయగలరా అక్కా?" అని అడిగింది.

దానికంటే బాగా వేస్తానన్నాను. లెంట్ అయిపోయింది కాబట్టి సరిపోయింది గానీ, అంత అబద్ధం ఆడకూడదు.