ఇరవై నాలుగో భాగం, ఒక ఆకుపచ్చ బకెట్టు

మా బాత్‌రూములో ఒక ఆకుపచ్చ బకెట్టు ఉంది. దానికి జోడీగా మగ్గు కూడా ఉంది. ఆ బకెట్టుతో స్నానం చేసేది ఇంట్లో నేనొక్కణ్ణే. మా ఆవిడా, మా అమ్మాయీ దాన్ని కాలితో పక్కకు నెట్టి పాత స్టీలు బకెట్టు తీసుకుంటారు. ఇరవై నాలుగు పుస్తకాలిచ్చి నేను సంపాదించిన బకెట్టు అది. నేను తెలుగు మాస్టారిని. రోజూ కర్నూలు నుంచి బస్సులో కోడుమూరు వెళ్లి, పుస్తకానికి కాలు తగిలితే తీసి కళ్లకద్దుకోవాలని పిల్లలకు చెప్పి, సాయంత్రానికి తిరిగొస్తాను.

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఫిజిక్సులో మార్కులు తగ్గాయి. మార్కులు తగ్గితే ఇంట్లో ఎవరో ఒకరు దోషిగా దొరకాలి కదా! ఆమె అల్మారాలో వరుసగా నిలబెట్టిన జపాను బొమ్మల కథలు దొరికాయి. మాంగా అంటారట, ఇంగ్లీషులోకి మార్చి అచ్చేసినవి. అట్టల నిండా కత్తులు, కొమ్ముల రాక్షసులు, నోళ్లు తెరిచిన అరుపులు. ఒకే కథ ఇరవై నాలుగు భాగాలు, అయినా తెమల్లేదు. పుట్టినరోజులకు కొత్త బట్టలు వద్దని, అవే కొనిపించుకుని దాచుకుంది. నేను ఒక్కటీ తెరిచి చూడలేదు. తెరవకుండానే చెత్త అని తేల్చేశాను. పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ అలవడిన విద్య అది.

ఆమె కాలేజీకి వెళ్లిన ఒక పొద్దున, పాత పేపర్లకు బకెట్లిచ్చే మనిషి వీధిలో కేకేశాడు. ఇరవై నాలుగింటినీ మోసుకెళ్లి అతని బండి మీద పెట్టాను.

"కాయితం గట్టిగా ఉండాది సార్. పెద్ద బకెట్టే తీస్కోప్పా" అన్నాడు.

"మగ్గు గూడా ఇయ్యి" అని గట్టిగా బేరమాడాను. గెలిచాను కూడా. ఆ గెలుపు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాయంత్రం అమ్మాయి ఖాళీ అల్మారా చూసింది, బకెట్టు చూసింది. అరుస్తుందనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. అరవలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం మానేసింది. నేను పక్కనే కూర్చుని ఉన్నా, "అమ్మా, నాన్న ఫోన్ మోగుతాండాదని చెప్పు" అనేది. వారం, రెండు వారాలు, నెల దాటింది. మా ఆవిడ మాత్రం ధారాళంగా మాట్లాడేది. "ఏం సారూ, మగ్గుతో బాగా పోసుకుంటాండావా నీళ్లు?" అని.

నాన్నా అని పిలిపించుకోవడానికి నేను పడని పాట్లు లేవు. ఒకరోజు వేడివేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకుని వచ్చాను. ఆమెకు ప్రాణం అవి. పొట్లం విప్పింది. బజ్జీల కింద, నూనెలో తడిసి, కత్తి పట్టుకున్న అమ్మాయి బొమ్మ! అల్మారాలోంచి పోయిన పుటే. నా ఖర్మ కాకపోతే కర్నూలులో ఇన్ని బజ్జీల బండ్లుంటే నేను ఆ బండికే పోవాలా? ఆమె బజ్జీలు ప్లేటులో పెట్టి, కాగితం తుడుచుకుని, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు బడికి సెలవు పెట్టి ఆ బకెట్ల మనిషి పాత కాగితాలు వేసే గుజిరీ అంగడికి పరిగెత్తాను. కుప్పలన్నీ తిరగేస్తే ఒక్కటి మిగిలింది, ఇరవై నాలుగోది. అట్ట చిరిగి, కుట్లు ఊడి ఉంది. దాన్ని పట్టుకుని పాత కోట బురుజు వెనక సందులో రిజిస్టర్లు, ఉర్దూ పుస్తకాలు బైండు చేసే ముసలాయన దగ్గరికి వెళ్లాను. ముఖచిత్రం చూస్తే, మనం వెనకట్ట అనుకునే వైపు ఉంది. అచ్చులోనే తప్పు పడిందని, దాన్ని ఇటువైపు తిప్పి అతికించమన్నాను.

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "తప్పు గాదు సార్. మా ఉర్దూ కితాబుల మాదిరి కుడిపక్కనుంచి పోతాండాది. సూడు, నంబర్లు గూడా అట్లే ఉండాయి."

"ఇంగ్లీషు పుస్తకం కుడినుంచి యాడన్నా ఉంటాదా? నువ్వు బైండింగ్ చేస్తాండావా, నాకు పాఠం చెప్తాండావా?"

"మీరు సదువు చెప్పే అయివార్లు. మీ ఇష్టం సార్. జిగురు యాపక్కయినా అంటుకుంటాది" అని నేను చెప్పినట్టే అతికించాడు.

అమ్మాయికి ఇచ్చేముందు చదవాలనిపించింది. కథ గురించి మాట్లాడితే కరుగుతుందని ఆశ. కోడుమూరు బస్సులో తెరిచాను. మొదటి పుటలోనే ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో 'ఆగండి' అని, దాని కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక లాంటిదేమోలే అని తిప్పేశాను. లోపల కత్తి పట్టిన చెల్లెలు అన్న సమాధి దగ్గర ఏడుస్తోంది. కొన్ని పుటలకు అన్న రక్తంలో పడి ఉన్నాడు. ఇంకొన్ని పుటలకు లేచి నిలబడ్డాడు! రాక్షసుడు వెనక్కి పోయాడు. చివర్లో అన్నాచెల్లెళ్లు ఒకే గిన్నెలో అన్నం తింటూ నవ్వుతున్నారు. నిజం చెబుతున్నాను, బస్సులో కళ్లనీళ్లు పెట్టుకున్నాను. స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారిని కూర్చోబెట్టి, జపాను వాళ్ల ఆశావాదం మీద అరగంట దంచాను. ఆయన తలాడించాడు. తప్పించుకునే దారి లేదు పాపం.

ఆదివారం పొద్దున పుస్తకం అమ్మాయి ముందు పెట్టాను. "పాపా, శానా బాగుండాది. అన్న సచ్చిపోయి కూడా లేసి వస్తాడే, నాకు ఏడుపొచ్చింది" అన్నాను.

ఆమె పుస్తకం అటూ ఇటూ తిప్పింది. కొత్త అట్ట చూసింది. నా మొహం చూసింది. నెలన్నర తర్వాత మొదటిసారి ఆ మాట వినపడింది.

"నాన్నా, ఆయప్ప లేసి రాడు. సచ్చిపోతాడు. నువ్వు ఎనకనుంచి సదివినావు."

పకపకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి చూసి, సంగతి విని, గడప మీద కూలబడి నవ్వింది. ఇల్లు ఇల్లులా అనిపించింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

నవ్వుతూ నవ్వుతూనే అమ్మాయి అడిగింది. "అయితే ఆ బకెట్టు తీస్కపోయి ఇచ్చేస్తే, ఎనకనుంచి నా పుస్తకాలు గూడా వస్తాయా నాన్నా?"

నా నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా పిల్లలను ప్రశ్నలడిగి నిలబెట్టినవాణ్ణి. ఆ పూట నేనే లేచి నిలబడ్డాను.

అమ్మాయి లేచింది. చిన్నప్పుడు నేను నేర్పినట్టే పుస్తకాన్ని కళ్లకద్దుకుని, అల్మారాలో ఒంటరిగా నిలబెట్టి, తలుపు మూసి తాళం వేసింది. ఆ అల్మారాకు తాళం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.