కారుకు పోసిన మంచినీళ్లు

మా చిన్నబాపు పోయాడు. పోయిన నెలలో ఒక పొద్దున మా తమ్ముడు ఫోన్ చేసి "నెమ్మదిగా పోయిండక్కా, నిద్రల్నే" అన్నాడు. ఏడుపుతో పాటే నాకు కోపం కూడా వచ్చింది. ఆ మనిషి బతికినన్నాళ్లూ ఏ పనీ నెమ్మదిగా చేసింది లేదు. దినాల నాడు ఊరి పెద్దలు కొందరు ఆయన సౌమ్యుడనీ, ఎవరి జోలికీ పోయేవాడు కాదనీ పొగుడుతుంటే వినలేక లేచి బయటికి వచ్చేశాను. ఆయన అందరి జోలికీ పోయాడు. మిల్లు సావుకారు జోలికైతే మరీ పోయాడు. ఆ సంగతి ఎరిగినవాళ్లు తక్కువైపోతున్నారు కనుక మీకు చెబుతున్నాను.

మాది మర్రిగూడ పక్కన ఒక ఊరు. ఊళ్లో మాది సాలెవాడ. మా నాయిన, తాతలు అందరూ మగ్గం మీద బతికినవాళ్లే. నాయినకు తమ్ముడైన చిన్నబాపు మాత్రం "మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని కూసునుడు నాతోని గాదు" అని చెప్పి నల్లగొండ పోయి, లారీల మీద తిరిగి డ్రైవింగ్ నేర్చుకుని వచ్చాడు. అది యాభైల చివర. మా ఊళ్లో పల్లీల మిల్లు పెట్టిన సావుకారు అప్పుడే ఒక నల్ల కారు కొన్నాడు. చుట్టుపక్కల అదొక్కటే కారు. చిన్నబాపు దానికి డ్రైవరయ్యాడు.

పొద్దున్నే ఆయన చేసే మొదటి పని బానెట్ ఎత్తడం. రేడియేటర్ మూత తీసి లోపలికి వేలు పెట్టి చూసేవాడు. నీళ్లు వేలికి తగిలితే సరే, తగలకపోతే ఇత్తడి చెంబుతో సన్నధారగా పోసేవాడు. బండి తిరిగి వచ్చాక ఎవరైనా ఆ మూత మీద చెయ్యి వేయబోతే గట్టిగా అరిచేవాడు. "గరమ్ మీదున్నప్పుడు మూత తియ్యద్దు. ఇంజన్‌దైనా, మనిషిదైనా" అనేవాడు. కాలుతున్న ఇంజన్లో గభాలున చన్నీళ్లు పోస్తే లోపల పగులుతుందని, కాసేపు ఆగి, మూత మీద తువ్వాల మడిచి వేసి, మొహం పక్కకు తిప్పుకుని కొద్దికొద్దిగా తిప్పేవాడు. ఇంజన్ విషయంలో అంత ఓపిక. మనుషుల విషయంలో అందులో సగం కూడా ఉండేది కాదు. ఆయన మాట తనకే వర్తించదని మా అమ్మ నవ్వేది.

ఇక మా ఊరి నీళ్ల సంగతి. ఊరి బావి నీళ్లతో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండేది. సబ్బు నురగ వచ్చేది కాదు. స్నానాలకు నీళ్లు కాచే కాగు అడుగున తెల్లటి పెచ్చు కట్టేది. దాన్ని అవ్వ రాయితో కొట్టి రాల్చేది. అవ్వ అంటే చిన్నబాపు తల్లి. ఆమె మెడ తిరిగేది కాదు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరగాల్సి వచ్చేది. వాడలో నడి వయసువాళ్లే నడుములు వంగి, కర్రలు పట్టుకుని నడిచేవాళ్లు. నాకు పదేళ్లు వచ్చేసరికే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేవి, పళ్ల మీద గోధుమరంగు చారలు వచ్చాయి. ఇదంతా ఎందుకని ఎవరూ అడగలేదు. ఎండాకాలం ఎండ కాసినట్టే ఇదీ అనుకున్నాం.

ఒక ఎండాకాలం నల్లగొండ దారిలో కారు ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. లోపల సావుకారు, ఆయన వియ్యంకుడు ఉన్నారు. చిన్నబాపు ఎలాగో బండిని నల్లగొండ చేర్చి మెకానిక్‌కు చూపించాడు. మెకానిక్ రేడియేటర్ విప్పితే లోపలి గొట్టాల నిండా తెల్లటి పెచ్చు. "ఏం నీళ్లు పోస్తున్నరు భాయ్ దీంట్ల? గివే పోస్తే బండి ఖతం" అన్నాడట. సావుకారు భయపడిపోయాడు. మర్నాటి నుంచే ఏర్పాటు చేశాడు. ఊరికి దూరంగా ఆయన తోటలో ఒక బావి ఉంది. అందులో మంచినీళ్లు. రోజూ ఎడ్లబండి మీద ఒక డ్రమ్ము మంచినీళ్లు ఆయన ఇంటికీ, కారుకూ రావాలి. ఊరి బావి నీళ్లు కారులో చుక్క కూడా పడకూడదు.

ఆ రోజు చిన్నబాపు నల్లగొండ నుంచి జేబులో ఒక పెచ్చుముక్క వేసుకుని వచ్చాడు. ఇంట్లోకి వస్తూనే కాగు బోర్లించి, అడుగున ఉన్న పెచ్చు ఊడదీసి, రెండూ పక్కపక్కన గడప మీద పెట్టాడు. రెండూ ఒకటే. రెండింటినీ మార్చి మార్చి చూశాడు. అవ్వ "ఏంది కొడుకా, గట్ల సూస్తున్నవ్?" అంది.

"కారు కడుపుల ఇది పేరుకున్నదని సావుకారుకు బుగులైంది అవ్వా. ఇంజన్‌కు మంచినీళ్లు తెప్పిస్తుండు. మరి నీ కడుపుల ఎంత పేరుకున్నదో ఎవరన్న అడిగిండ్రా?"

"నేను కారునా బిడ్డా" అంది అవ్వ, నవ్వుతూ.

ఆ నవ్వే ఆయన్ని కాల్చిందనుకుంటాను. "రేకుకున్న ఇలువ బొక్కకు లేదా?" అన్నాడు. బొక్కంటే మా వైపు ఎముక. ఆ మాట ఆయన నోటి నుంచి ఆ తర్వాత బతికినన్నాళ్లూ విన్నాను. దవాఖానలో, పంచాయతీ ఆఫీసులో, ఎవరితో గొడవ పడ్డా చివరికి ఆ మాట దగ్గరికే వచ్చేవాడు.

మర్నాడు డ్రమ్ము బండి సావుకారు ఇంటికి పోయే దారిలో దాన్ని మా వాడలోకి మళ్లించాడు. "కడువలు తేండ్రే!" అని కేక వేశాడు. ఆడవాళ్లు భయపడుతూనే తెచ్చారు. ఆ పూట మా ఇంట్లో కందిపప్పు మెత్తగా ఉడికింది. మా అమ్మ గరిటెతో పప్పు ఎత్తి, అది జారుతుంటే చూస్తూ నిలబడిపోయింది. అప్పుడామె కడుపుతో ఉంది. డ్రమ్ములో నీళ్లు అయిపోయాక చిన్నబాపు దాన్ని ఊరి బావి నీళ్లతో నింపి సావుకారు ఇంటికి తీసుకుపోయాడు. దొంగతనంగా కాదు, ఆయన కళ్లముందే రేడియేటర్ మూత తీసి ఆ నీళ్లు పోశాడు.

"ఏం నీళ్లురా అవి?" అన్నాడు సావుకారు.

"ఊరి బాయి నీళ్లు."

"తలకాయ తిరిగిందారా నీకు? కారు ఖరాబైతదని తెల్వదా?"

"తెలుసు సావుకారు. మేము గూడ ఖరాబైతున్నం. మీ కారొక్కటే మంచిగుంటే ఏం లాభం? మాకు మంచినీళ్లిచ్చిన్నాడు కారుకు మంచినీళ్లు పోస్త. అప్పటిదాంక మేమేం తాగితే అదే అది తాగుతది."

సావుకారు ఆయన చేతిలోంచి తాళంచెవి లాక్కుని గేటు బయటికి నెట్టించాడు. పని పోయింది. సాయంత్రం నాయిన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇగ నిన్నెవరు పెట్టుకుంటరురా? మన నూలు గూడ ఆయన మనుషులే తెస్తరు. మగ్గం గూడ బందయితది" అన్నాడు. భయం నిజమైనదే. ఆయన్ని నేను తప్పుపట్టను. చిన్నబాపు మాత్రం "బందయితే కానీ. వదినె కడుపులున్న పిల్లకు గా నీళ్లు మాత్రం తాపనియ్య" అన్నాడు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, కడువ తీసుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది. తెల్లారి తోట బావికి పోవడానికి.

తెల్లారాక వాడలో ఆడవాళ్లందరం చిన్నబాపు వెంట తోట బావికి బయల్దేరాం. నేనూ ఒక చిన్న బిందె పట్టుకున్నాను. అవ్వ కూడా వచ్చింది. వద్దంటే వినలేదు. తోటమాలి మమ్మల్ని చూసి బెదిరిపోయి సావుకారుకు కబురు పంపాడు. చిన్నబాపు గిరక మీద తాడు వేసి బొక్కెన దించాడు. అది నీళ్లకు తగిలిన చప్పుడు వినగానే అందరం బిందెలతో గట్టు దగ్గరికి జరిగాం.

సావుకారు వచ్చాడు. నడిచే వచ్చాడు, కారు నడిపేవాడు లేడు కదా. "ఎవడిచ్చిండురా మీకు ఇజాజత్? ఎవర్నడిగి తోడుతున్నరు?" అన్నాడు.

చిన్నబాపు తాడు వదలలేదు. "మీ కారే ఇచ్చింది సావుకారు. దానికి పనికిరాని నీళ్లు మనుషులకెట్ల పనికొస్తయని అదే అడిగింది."

సావుకారు తోటమాలి వైపు తిరిగి, తాడు కొయ్యమన్నాడు. తోటమాలి చేతిలో కొడవలి ఉంది. అతనిదీ మా ఊరే. అతను కొడవలి వంకా మా అమ్మ కడుపు వంకా చూశాడు. తర్వాత కొడవలి గట్టు మీద పెట్టి, "నా పిల్లలు గూడ గా బాయి నీళ్లే తాగుతున్నరు సావుకారు. ఈ తాడు నేను కొయ్య" అన్నాడు.

సావుకారు ఒప్పుకున్నానని ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ చెప్పలేదు. మమ్మల్ని ఆపనూ లేదు. కొన్నాళ్లు మా మగ్గాలకు నూలు రాలేదు. మా నాయిన చండూరు పోయి వేరేవాళ్ల దగ్గర తెచ్చుకున్నాడు. చిన్నబాపు మళ్లీ లారీ ఎక్కాడు. దేవరకొండ, మహబూబ్‌నగర్, ఆత్మకూర్ దాకా తిరిగాడు. ఎక్కడ రేడియేటర్‌లో నీళ్లు పోయాల్సి వచ్చినా ముందు ఒక దోసెడు తాగి చూసేవాడట. నోటికి చవుడు తగిలితే ఆ ఊళ్లో దిగి, "ఈడ పిల్లల పళ్లు జర సూపియ్యుండ్రి" అని గొడవ మొదలుపెట్టేవాడట. క్లీనర్లు ఆయనతో బండెక్కడానికి జంకేవాళ్లు.

చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టర్ నాకు చెప్పాడు, రేడియేటర్‌లో కట్టే సున్నం పెచ్చు వేరు, ఎముకల్ని తినే ఫ్లోరైడ్ దోషం వేరు అని. చిన్నబాపుకు ఆ సంగతి చెబితే మండిపడ్డాడు. "రెండూ గా బాయిలనే గదా ఉన్నది! పేర్లు వాళ్లు పెట్టుకోనీ" అన్నాడు. నిజమే, ఆయన లెక్క తప్పినా దెబ్బ మాత్రం సరైన చోట పడింది. అవ్వ మెడ మాత్రం తిరగలేదు. నా మోకాళ్లూ బాగుపడలేదు. నా పళ్లు ఇప్పటికీ చారలతోనే ఉన్నాయి. అయినా నేను నోరు మూసుకుని నవ్వను. అది ఆయన నేర్పిన పొగరు. ఇకముందు కూడా నేను అలాగే నవ్వుతాను.

ఒకప్పుడు మా వాడలో పాడె మోయడానికి మనుషులు దొరకడం కష్టంగా ఉండేది. ఒకరి నడుము వంగి, ఇంకొకరి మెడ బిగుసుకుపోయి, పాడె ఒక పక్కకు ఒరిగేది. శవం జారకుండా వెనక నుంచి ఒకరు పట్టుకుని నడిచేవాళ్లు. మొన్న చిన్నబాపును మోసిన నలుగురూ ఆ తోటబావి నీళ్లు తాగి పెరిగినవాళ్లు. ముందు కుడివైపున మా తమ్ముడు, ఆ రోజు అమ్మ కడుపులో ఉన్నవాడు. నేను వాకిట్లో నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాను. నలుగురి భుజాలూ ఒక్క ఎత్తున ఉన్నాయి. పాడె ఎక్కడా ఒరగలేదు.