పెద్దక్కకు ఎంచిన కానుక

నోటు పుస్తకాలు తయారుచేసే మా షెడ్డు పటమటలో లోపలి రోడ్డు మీద ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ నెలాఖరు దాకా బళ్ళు తెరిచే సీజను, ఎవరికీ ఊపిరాడదు. జూలైలో ఆర్డర్లు పలచబడ్డాక ఒక శనివారం మధ్యాహ్నం ఓనరు గారు మిషన్లు ఆపించి, అందరికీ భోజనం పెట్టించి, తలా ఒక కానుక ఇస్తారు. ఆఫీసు పని చూసేదాన్ని కాబట్టి ఆ కానుక ఎంచి తేవడం నా వంతు.

ఏటా తెచ్చేది స్టీలు సామానే. ఒక ఏడు క్యారేజీ, ఒక ఏడు బిందె, ఒక ఏడు మూత డబ్బాలు. పద్నాలుగు మందికి పద్నాలుగు, అన్నీ ఒకే సైజు. “ఒకటే సరుకు అయితే గొడవుండదమ్మా,” అనేవారు ఓనరు గారు. నాకది బద్ధకపు మాటలా వినిపించేది.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తరవాతదంతా లైబ్రరీలో చదివిందే. షెడ్డు నుంచి ఇంటికి వెళ్ళే దారిలోనే శాఖా గ్రంథాలయం. సాయంత్రం గంటన్నర అక్కడ కూర్చోకపోతే ఆ రోజు లెక్కలోకి రానట్టే ఉండేది. నవలలతో మొదలుపెట్టి చరిత్రలోకి, అక్కడి నుంచి మనుషుల మనసుల గురించి రాసిన పుస్తకాల్లోకి వెళ్ళాను. రూళ్ళు వంకరపోయి పక్కన పడేసిన మా షెడ్డు పుస్తకాలు తెచ్చుకుని వాటిలో నోట్సు రాసుకునేదాన్ని. అలాంటివి ఇరవైకి పైగా ఉన్నాయి. ఆ సంగతి అడగనివాళ్ళకి కూడా చెప్పేదాన్ని.

నాలుగేళ్ళ కిందట, పనివాళ్ళతో మెలగడం ఎలాగో చెప్పే ఒక పుస్తకం చదివాను. అందరికీ ఒకే వస్తువు ఇస్తే అది పంపకమే తప్ప కానుక కాదని, తనని ఎవరో నిజంగా చూశారని మనిషికి తెలియజేసేదే కానుక అని అందులో ఉంది. కింద గీత గీసి రాసుకున్నాను. మర్నాడే ఓనరు గారి దగ్గరికి వెళ్ళాను.

“పద్నాలుగు మందికి పద్నాలుగు రకాలా? ఎందుకమ్మా తలనొప్పి?” అన్నారాయన.

“ఎవరికి ఏది అవసరమో అదే ఇస్తే జన్మంతా గుర్తుంచుకుంటారండీ.”

“అదే నా భయం కూడా,” అని పెన్ను మూత బిగించారు. “సరే, చదువుకున్నదానివి. నీ ఇష్టం.”

ఆ ‘చదువుకున్నదానివి’ అన్న మాట వారం రోజుల పాటు నాతోనే నడిచింది.

మీకేం కావాలి అని అడిగితే మనుషులు చెప్పరు, ఇల్లు చూస్తే తెలుస్తుంది, అనుకున్నాను. బీమా కాగితాల్లో ఇంట్లోవాళ్ళ వివరాలు సరిచూడాలని సాకు చెప్పి ఆదివారాలు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాను. కాఫీలు తాగాను. మాట్లాడుతూనే గోడలు చూశాను, వంటగదిలోకి తొంగి చూశాను. మడత పని చేసే ఒకావిడ ఇంట్లో ఆవిడ ముగ్గురు పిల్లలూ విసనకర్ర పట్టుకుని చదువుకుంటున్నారు. కటింగ్ మిషను దగ్గర పనిచేసే ఆయన దుప్పటి కింద పరుపు లేదు. ఇంటికొచ్చి అన్నీ వంకర రూళ్ళ పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుంటుంటే గర్వంగా ఉండేది, ఆ మాట దాచను.

మిగిలింది పెద్దక్క ఒక్కతే. మడత సెక్షనుకి ఆవిడే పెద్ద, అందరికీ పెద్దక్కే. యాభై దాటాయి. కంకిపాడు దాటాక లోపల చిన్న ఊరు వాళ్ళది, రోజూ బందరు రోడ్డు బస్సులో వచ్చేది. ఆవిడుంటే ఆ మూల రేడియో అక్కర్లేదు. కాగితాలు మడుస్తూ వాళ్ళాయన కబుర్లు చెప్పేది. ఆయన కౌలుకి పొలం చేస్తాడు.

“నిన్న పొలం నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని, కూరలో ఉప్పేదే అన్నాడు,” అని మొదలుపెట్టేది.

“నువ్వేమన్నావక్కా?”

“మీసం ఒకసారి నాక్కో, పొద్దుట్నించీ పట్టిన చెమటంతా అక్కడే ఉంది, కావలసినంత ఉప్పు దొరుకుద్ది అన్నా.”

“కొట్టలేదా?”

“కొట్టడానికి చెయ్యి లేపితే ముద్ద జారిపోద్దిగా. తిన్నాక చూద్దామన్నాడు, తిని పడుకున్నాడు.”

కాలవకి నీళ్ళొదిలిన రోజు ఆయన పార భుజాన వేసుకుని ఎలా పరిగెత్తాడో, గట్టు మీద పాముని చూసి ఎలా పెడబొబ్బలు పెట్టాడో, అన్నీ చెప్పేది. మాలో ఒక్కరం కూడా ఆయన్ని చూడలేదు. ఎదురుపడితే గుర్తుపట్టేస్తామన్నంత బాగా తెలుసు.

ఒక గురువారం కంకిపాడులో ఒక బడికి సరుకు దింపే పని పడింది. పెద్దక్క షెడ్డులో ఉంది. దగ్గరేగా అని ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరెళ్ళాను. తలుపు తీసింది వాళ్ళ అత్తగారు. లోపల మంచం మీద ఒక మనిషి. కుడి చెయ్యి ఛాతీ మీద ముడుచుకుని ఉంది. నోరు ఒక పక్కకి జారింది. నన్ను చూసి ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు.

“కూర్చోమంటున్నాడమ్మా,” అంది ముసలావిడ. “రెండేళ్ళయింది పక్షవాతం వచ్చి. పొలం వదిలేశాం.”

రెండేళ్ళ కిందట అత్తగారికి కంటి ఆపరేషనని పెద్దక్క పది రోజులు సెలవు పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన్ని బయటికి తీసుకెళ్తుంటారా అని అడిగాను.

“ఎట్టా తీసుకెళ్తామమ్మా, ఇద్దరం ఆడాళ్ళం. చక్రాల కుర్చీ కొందామంటే కోడలు ఒప్పుకోదు. కుర్చీ వచ్చిందంటే ఇక లేవడు అంటుంది.”

అదొక మూఢనమ్మకమనుకున్నాను. అలాంటి నమ్మకాలు మనిషిని ఎలా కట్టేస్తాయో చదివి ఉన్నాను కదా. దుఃఖాన్ని దాచుకునేవాళ్ళ గురించి కూడా చదివాను, నలుగురితో పంచుకుంటే తేలికవుతుందని. పెద్దక్క సిగ్గుపడి దాస్తోంది, ఆ బరువు నేను దింపుతాను, అనుకున్నాను. నేను వచ్చిన సంగతి కోడలికి చెప్పొద్దని, ఆవిడకి ఒక మంచి జరగబోతోందని ముసలావిడ చేత మాట తీసుకుని వచ్చాను. సూర్యారావుపేటలో ఆసుపత్రి సామాను అమ్మే కొట్లో చక్రాల కుర్చీ కొన్నాను.

కానుకలిచ్చే శనివారం భోజనాలయ్యాక అందర్నీ కూర్చోబెట్టాం. పుస్తకాల కట్టలకి చుట్టే బ్రౌను కాగితంతోనే అన్నీ చుట్టించాను. విప్పుతుంటే మొదట్లో చప్పట్లు కొట్టారు. ఫ్యాను అందుకున్నావిడ నిజంగానే సంతోషించింది, కళ్ళు తుడుచుకుంది. అయితే వెనక నుంచి ఎవరో, “ఇన్నాళ్ళూ వీళ్ళింట్లో ఫ్యాను లేదా?” అని మెల్లగా అనడం వినపడింది. పరుపు అందుకున్న కటింగ్ మిషనాయన విప్పకుండా గోడకి ఆనించి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇవన్నీ చూశాను. చూసి కూడా ఆగలేదు, చివర్లో నా ఉపన్యాసం ఉంది.

కుర్చీని తోసుకుంటూ నేనే తెచ్చాను. ఎంత కాగితం చుట్టినా చక్రాలు దాగలేదు. పెద్దక్క చూసింది. అప్పటికింకా అది తనకని తెలియదు.

“ఎవరికమ్మాయ్ ఇది? ఓనరు గారికా?” అంది. అందరూ నవ్వారు.

నేను రాసుకొచ్చిన కాగితం తీసి చదివాను. రెండేళ్ళుగా పక్షవాతంతో మంచాన పడ్డ భర్తని కంటికి రెప్పలా చూసుకుంటూ, ఒక్కరోజు కూడా ముఖం మాడ్చుకోకుండా మనందర్నీ నవ్వించిన పెద్దక్క, అని మొదలవుతుంది అది. వాక్యం బాగా కుదిరిందని ముందు రోజు నాలో నేనే రెండుసార్లు చదువుకున్నాను. చదివి తలెత్తాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

ఫ్యాను అందుకున్నావిడే అడిగింది. దానిలో దురుద్దేశం ఏమీ లేదు. “మరి మొన్న గట్టు మీద బావకి పాము కనపడిందన్నావు కదక్కా?”

“కనపడింది,” అంది పెద్దక్క.

లేచి వచ్చి కుర్చీ మీది కాగితం చిరగకుండా విప్పింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, గోటితో అంచు నొక్కి, పక్కన పెట్టింది. ఓనరు గారు లేచి, “సాయంత్రం ట్రాలీలో మీ ఇంటికి పంపిస్తానమ్మా,” అన్నారు. ఆవిడ తల ఊపింది. ఆయన నా వైపు చూడలేదు.

సోమవారం నుంచి అందరూ ఆవిడ్ని బాగా చూసుకోవడం మొదలుపెట్టారు. రాగానే ఒకరి తరవాత ఒకరు, “బావ ఎట్టా ఉన్నాడక్కా?” “చెయ్యి ఏమైనా కదులుతోందా?” అని అడిగేవారు. ఒకరు మర్దనా నూనె తెచ్చారు, ఒకరు తాయెత్తు తెచ్చారు. కట్టలు ఎత్తబోతే లాక్కుని తామే మోసేవారు. తమ మొగుళ్ళ మీద జోకులు వేసుకునేవాళ్ళు ఆవిడ దగ్గరికి రాగానే గొంతు తగ్గించేవారు. ఆవిడ అందరికీ జవాబు చెప్పేది. పర్వాలేదు, అలాగే ఉంది, వాడుతున్నాం. వారానికల్లా ఆ మూలలో కాగితం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పదో రోజు ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడింది.

“మేడంగారూ, నన్ను ప్యాకింగ్ గదిలోకి మార్చండి.”

అప్పటిదాకా నన్ను అమ్మాయ్ అనేది, నువ్వు అనేది.

“అక్కడ ఒక్కదానివే ఉండాలి అక్కా. ఇక్కడైతే నీ వాళ్ళంతా ఉన్నారు. నీ బరువు తలా కాస్త పంచుకుంటారని...”

“పంచుకున్నారు. తలా కాస్త పట్టుకెళ్ళి, మర్నాడు పొద్దున్నే తెచ్చి మళ్ళీ నా చేతిలోనే పెడుతున్నారు.”

ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని, కోపం లేకుండా, సరుకు లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది.

“ఇంటి దగ్గర ఆయన మంచంలోనే ఉంటాడు. బస్సులో కూర్చున్నా నా కళ్ళకి మంచంలోనే కనపడతాడు. ఇదిగో, ఈ గేటు దాటితే లేచేవాడు. పార తీసుకుని పొలం వెళ్ళేవాడు, నన్ను తిట్టేవాడు, పామును చూసి అరిచేవాడు. సాయంత్రం దాకా తిరిగేవాడు. మీరు కుర్చీ ఇచ్చారు, మంచిదే. ఇప్పుడు ఇక్కడ కూడా పడుకున్నాడు.”

క్షమించమని అన్నాను. “మీరు మంచికే చేశారు,” అంది. ఆ మాట కన్నా తిట్టినా బాగుండేది. ఆ మధ్యాహ్నమే ప్యాకింగ్ గదికి మార్చాను.

ఆ తరవాత చాలా రోజులు లైబ్రరీకి వెళ్ళినా చదవలేదు, పేజీలు తిప్పి వచ్చేదాన్ని. పుస్తకం తప్పు చెప్పిందని అనలేను. మనిషిని చూడమంది, నేను మనిషి లేనప్పుడు ఇల్లు చూసి వచ్చాను. అలా అని స్టీలు బిందెలే నయమని కూడా గట్టిగా అనలేను. మరుసటి వేసవికల్లా, ఫ్యాను కింద చదివిన ముగ్గురు పిల్లల్లో పెద్దది మంచి మార్కులతో ఇంటర్‌లో చేరింది. ఆ ఏడు జూలైలో నేను అందరికీ ఒకే రకం దుప్పట్లు తెస్తే, “ఈసారి మా ఇళ్ళు చూడటానికి రాలేదేం మేడం?” అని వాళ్ళమ్మే అడిగింది. దుప్పటి ఆవిడ చేతిలో పెట్టి తరవాతి పేరు పిలిచాను. పెద్దక్క దుప్పటి అందుకుని, బాగుంది అని చెప్పి, మళ్ళీ తన గదిలోకి వెళ్ళిపోయింది.

పోయిన ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పంపాల్సిన కట్టలు చూసుకోవడానికి ఆ గదికి వెళ్ళాను. ఆవిడ పురికొసతో కట్టలు కడుతోంది. పనికి సంబంధించిన మాటలు అయిపోయాయి. వెళ్ళబోతుంటే తనే పిలిచింది.

“ఆయన్ని సాయంత్రాలు కాలవ దాకా తీసుకెళ్తున్నాం. ఆ కుర్చీలోనే. గట్టు మీద నలుగురూ పలకరిస్తున్నారు. మాట కూడా కొంచెం తెలుస్తోంది.”

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ గదికి మారాక ఇన్నేళ్ళలో ఆవిడ తనంతట తాను నాతో మాట్లాడటం అదే మొదలు.

“కుర్చీ ఇచ్చినావిడ్ని ఒకసారి భోజనానికి పిలవమంటున్నాడు,” అంది. “మూడు నెలల్నించీ రోజూ అడుగుతున్నాడు, పిలిచావా, పిలిచావా అని.”

“తప్పకుండా అక్కా. ఈ ఆదివారమే...”

“పిలవమన్నాడు, పిలిచాను. ఆ మాట ఆయనకి చెప్పుకుంటాను.” కొస చివర పళ్ళతో కొరికి తెంపింది. “మీరు మాత్రం రావద్దు మేడంగారూ.”

కట్టిన కట్టను గోడవైపు జరిపి, ఇంకోటి ముందుకి లాక్కుంది.